పట్టుకునే ముందు అడగండి

గాజులరామారంలో ఓ సర్కారు బడి మైదానం. జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే గాలి ముక్కుకు ఘాటుగా తగులుతోంది. మెడలో విజిల్ వేసుకున్న పీఈటీ సారు మీరే. సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు చుట్టూ ఎనిమిదో తరగతి పిల్లలు మూగారు.

ఈమధ్యే బడిలో చేరిన పిల్లాడు కూతకు వెళ్తున్నాడు. ఐదుగురు ఒక్కసారిగా మీద పడతారు. చీలమండ దొరకబుచ్చుకుంటారు. దుమ్ము. అరుపులు. విజిల్ ఊదుతారు.

అందరూ లేస్తారు. వాడు లేవడు.

మోకాళ్లు ముడుచుకున్నాడు. చేతులు తలకు అడ్డం. నెత్తురు లేదు. దెబ్బ లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. మిమ్మల్ని చూడట్లేదు.

"యాక్టింగ్ సార్!" ఎవరో నవ్వుతారు.

మీ చెయ్యి వాడి భుజం వైపు వెళ్తోంది. ఆపండి. గట్టిగా పిలవకండి. మిగతావాళ్లను నీళ్లు తాగి రమ్మనండి. రెండడుగులు వెనక్కి. కింద కూర్చోండి.

"నేనిక్కడే ఉన్న బిడ్డా. నిన్నెవ్వరూ పట్టుకోరు."

జవాబు లేదు. ఆగండి.

"ఒంటి కింద మట్టి ఎట్లుంది? చల్లగుందా, ఎచ్చగుందా?"

ఒక ఊపిరి. ఇంకో ఊపిరి.

"...ఎచ్చగుంది సార్."

వచ్చేశాడు.

ఏమైంది వాడికి? ఎప్పుడో ఏదో జరిగి ఉండొచ్చు. అదేమిటో ఇప్పుడు అడగక్కర్లేదు. పది చేతులు అదిమేసరికి, పాత ప్రమాదమే మళ్లీ ముంచుకొచ్చిందని వాడి మెదడు అనుకుంది. అలాంటప్పుడు ఒళ్లు కలబడుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారుతుంది. వాడు కొయ్యబారాడు. మొండితనం కాదిది. రోజూ కొట్లాడే పిల్లాడిలోనూ, గ్రౌండ్‌కు రానని మొరాయించే పిల్లలోనూ ఇదే భయం ఉండొచ్చు.

రేపటి పీరియడ్‌కు వాణ్ని ఆటకు దూరం పెడతారా? వద్దు. తన ఒంటి మీద తనకు ధీమా తిరిగి రావాలంటే ఆట కావాలి. ఏం ఆడబోతున్నారో ముందే బోర్డు మీద రాయండి. చెప్పి విజిల్ ఊదండి. పట్టుకోకుండా, తాకితే చాలనే కబడ్డీ పెట్టండి. ఆడతావా, స్కోరు రాస్తావా, లైన్ చూస్తావా అని అడగండి. చెయ్యెత్తిన ఎవరైనా, కారణం చెప్పకుండానే, కాసేపు నీడన కూర్చోవచ్చనండి. గుంజీలు, ఎండలో రౌండ్లు శిక్షగా వేయకండి. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది.

ఇంట్లో ఎవరో హింసిస్తున్నారన్న అనుమానం వస్తే హెడ్మాస్టరుకు చెప్పండి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. భయం వదలకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.