నొప్పి ఒకటి, మనస్సులు పలు

అలిపిరి నుండి మెట్లెక్కి తిరుమల చేరినవారికి రెండు మూడు దినములు పిక్కలు పట్టివేయుట సహజము. చిత్తూరు పల్లెలలో వేరుసెనగ చేనిలో వంగి పనిచేసినవారికి నడుము నొప్పి వింత కాదు. విశ్రాంతితో అవి తగ్గిపోవును. కాని కొందరికి మెడ మొదలు మడమల వరకు నెలల తరబడి సలుపుచునే యుండును. నిద్రించి లేచినను అలసట తీరదు. రక్తపరీక్షలోగాని, ఎక్స్‌రేలోగాని ఏ దోషమును కనబడదు. "ఏమీ లేదమ్మా, పోయి పని చూసుకో" అను మాట వారికి నొప్పికి తోడు మరొక నొప్పి. స్త్రీలలో ఎక్కువగా కనబడు ఈ వ్యాధి పేరు ఫైబ్రోమయాల్జియా. ఇది శరీరమునకు చెందినదా, మనస్సునకు చెందినదా? ఈ వ్యాధి చరిత్రయంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

1904లో లండను వైద్యుడు విలియం గవర్స్ నడుము నొప్పిని గూర్చి ఉపన్యసించుచు, కండరములను అంటియుండు నారపోగులలో వాపు కలుగుటయే దీనికి కారణమని ఊహించి, ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టెను. అదే సంవత్సరము గ్లాస్గోలో రాల్ఫ్ స్టాక్‌మన్ అట్టి వాపును కనుగొంటినని ప్రకటించెను. తరువాత పరీక్షించినవారికి అది కానరాలేదు. వాపు లేదని తేలగనే ఆలోచన రెండవ కొసకు పరుగెత్తెను. 1943లో అమెరికా సైనిక వైద్యులు బోలండ్, కోర్ అనువారు సైనికులలో కొందరి ఒళ్ళు నొప్పులను మనస్సు నుండి పుట్టిన వాతముగా వర్ణించిరి.

1975లో కెనడాలో మోల్డోఫ్‌స్కీ బృందము ఆరోగ్యవంతుల గాఢనిద్రకు భంగము కలిగింపగా, వారికిని ఒళ్ళు నొప్పులు పుట్టెను. 1976లో ఫైబ్రోమయాల్జియా అను పేరు వాడుకలోనికి వచ్చెను. 1990లో అమెరికా కీళ్ళవ్యాధుల వైద్యులు ఒక కొలత ఏర్పరచిరి. శరీరమంతట మూడు నెలలకు మించి నొప్పి యుండి, నిర్ణీతమైన 18 చోట్లలో కనీసము 11 చోట్ల, సుమారు 4 కిలోల ఒత్తిడికి నొప్పి కలుగవలెను. 2002లో గ్రేస్లీ బృందము రోగుల బొటనవ్రేలిని మెల్లగా నొక్కుచు వారి మెదడును చిత్రించెను. ఇతరులకు మరింత గట్టిగా నొక్కినప్పుడు మాత్రమే చురుకగు మెదడు భాగములు వీరిలో ఆ కొద్ది ఒత్తిడికే చురుకయ్యెను. నొప్పి కల్పితము కాదని దీనివలన తేటపడినది.

అయినను రోగులందరి మనస్సు ఒక్క తీరున నుండదు. 2003లో గీసెకే, ఆయన సహచరులు 97 మందిని పరిశీలించి మూడు వర్గములను గుర్తించిరి. 50 మందిలో దిగులు, భయము మధ్యస్థముగా నుండెను. ఒత్తిడికి నొప్పియు అంతగా లేదు. 31 మందిలో దిగులు, ఆందోళన అధికము. నొప్పి తమ అదుపులో లేదనియు, ఇక ముంచుకొని వచ్చుననియు వారి తలంపు. తక్కిన 16 మంది మనస్సు నిబ్బరముగా నుండెను. కాని ఒత్తిడికి అందరికంటె ఎక్కువ బాధపడినవారు వీరే! ఇది మనోవ్యాధి మాత్రమే యనువారికి ఈ 16 మందియే సమాధానము. మనస్సుతో పనిలేదనువారికి ఆ 31 మంది సమాధానము.

మనస్సు సంగతి చూచుటకు ముందు ఇతర కారణములను వెదకవలెను. ఎండకు కొదువలేని ఈ సీమలో సైతము విటమిన్ డి లోపము విస్తారముగా నున్నదని తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో హరినారాయణ్, ఆయన సహచరులు జరిపిన పరిశోధన 2007లో వెల్లడించినది. పొలమున తిరుగు పల్లెవారికంటె పట్టణవాసులలో ఈ లోపము హెచ్చు. తీవ్రమైనచో ఎముకలు మెత్తబడి, ఒళ్ళంతయు నొప్పులు పుట్టును. థైరాయిడ్ లోపము వలన కూడ ఇట్టి నొప్పులు రావచ్చును. ఇవి చికిత్సకు లొంగునవి.

2017లో వెలువడిన ఐరోపా వైద్యుల సూచనలు అందరికిని క్రమమైన వ్యాయామమును గట్టిగా సిఫారసు చేసినవి. దిగులు, భయము హెచ్చుగా నున్నవారికి మానసిక చికిత్సను కూడ జోడింపవచ్చునని తెలిపినవి. కాబట్టి నొప్పి ఎక్కడ యున్నదని అడుగుటతోపాటు, రాత్రి నిద్ర పట్టుచున్నదా, మనస్సు ఎట్లున్నదని కూడ వైద్యుడు అడుగవలెను. ఇంటివారు మొదట చేయవలసిన పని ఒక్కటే: ఆ నొప్పి నిజమని నమ్ముట.