స్తనాల శస్త్రచికిత్స అనంతరం చనుబాలు

స్తనాల అధిక భారం వలన మెడనొప్పి, వెన్నునొప్పితో బాధపడే స్త్రీలకు వాటి పరిమాణాన్ని తగ్గించే శస్త్రచికిత్స చేస్తారు. తరువాత బిడ్డను కన్నప్పుడు ఆ తల్లి చనుబాలివ్వగలదా? చాలామంది ఇవ్వగలరు. అయితే బిడ్డకు సరిపడినన్ని పాలు అందరికీ పడవు.

పాలు తగ్గడానికి కారణం

గ్రంథులలో తయారైన పాలు సన్నని నాళాల గుండా చనుమొనకు చేరతాయి. బిడ్డ చీకినప్పుడు చనుమొనలోని నరాలు మెదడుకు సంకేతమందిస్తాయి. అప్పుడు విడుదలయ్యే ప్రొలాక్టిన్ పాలను తయారుచేయిస్తుంది. ఆక్సిటోసిన్ వాటిని వెలికి తెస్తుంది. శస్త్రచికిత్సలో గ్రంథులు కొంత తొలగుతాయి. నాళాలు, నరాలు కొన్ని తెగుతాయి. చనుమొనను అడుగు కండతో కలిపి ఉంచి జరిపినట్లయితే పాలు పడే అవకాశం మెరుగు. పూర్తిగా వేరుచేసి అతికించినట్లయితే అతి స్వల్పం. తెగినవి కాలక్రమంలో కొంతవరకు కలుసుకోవచ్చు. గర్భధారణలో గ్రంథులు కూడా పెరుగుతాయి.

పురిటికి ముందు

సరిహద్దు గ్రామాలలో శస్త్రచికిత్స ఒక రాష్ట్రంలో, పురుడు పుట్టింట మరొక రాష్ట్రంలో జరగడం కద్దు. నాటి ఆసుపత్రి కాగితాలను భద్రపరచి, పురుడు పోసే వైద్యులకు చూపాలి. సిగ్గుచేత ఈ విషయాన్ని దాచినట్లయితే బిడ్డ ఆకలిని ఎవరూ సకాలంలో గుర్తించలేరు.

బిడ్డకు చాలుతున్నాయా?

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. రోజుకు 8 నుండి 12 సార్లు పాలివ్వాలి. 5వ రోజు నుండి దినానికి కనీసం 6 సార్లు మూత్రం, పసుపుపచ్చని విరేచనాలు అవుతుండాలి. తొలిదినాలలో బరువు కొంత తగ్గడం సహజమే. రెండు వారాలకు జన్మించిననాటి బరువుకు రావాలి. పుట్టిన బరువులో పదోవంతు తగ్గినా, బిడ్డ మగతగా పడి ఉన్నా, మూత్రం ముదురు రంగులో ఉన్నా వెంటనే వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. ఏడవని బిడ్డకు కడుపు నిండినదని భావించరాదు.

కొరత పడినప్పుడు

మొదట తల్లిపాలు పట్టి, చాలనంత మేరకు వైద్యుని సలహాపై దాతల పాలు గాని, డబ్బా పాలు గాని శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టాలి. భారతదేశంలో తొలి తల్లిపాల నిధి 1989లో ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో ఏర్పడింది. తేనె, పంచదార నీళ్ళు, ఆవుపాలు పట్టరాదు. పాలిచ్చిన పిదప మిగిలినవి పిండుతూ ఉంటే ఉత్పత్తి హెచ్చవచ్చు. నాళాలు తెగినచోట పాలు గడ్డకట్టినట్లై నొప్పి పుడితే చల్లని గుడ్డ ఉపశమనమిస్తుంది. జ్వరం వస్తే వైద్యుని చూడాలి.

పాలు చాలకపోవడం తల్లి దోషం కాదు. ఆమె ఇవ్వగలిగిన కొద్దిపాలూ బిడ్డకు రోగనిరోధక శక్తినిస్తాయి. నింద మాని, ఆమెకు విశ్రాంతినిచ్చి, బిడ్డను తరచు తూకం వేయించడమే ఇంటివారి కర్తవ్యం.