ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్కులు ఎవరు వేశారు? ఆరెంజ్ బుక్ కథ

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత అని అడుగుతాం. సెక్యూరిటీకి ఎన్ని మార్కులు అని ఎవరైనా అడిగారా? ఒకప్పుడు అమెరికా రక్షణ శాఖ సరిగ్గా అదే అడిగింది.

1983లో వాళ్లు ఒక పుస్తకం తెచ్చారు. అట్ట నారింజ రంగులో ఉండేది కాబట్టి అందరూ ఆరెంజ్ బుక్ అనేవాళ్లు. 1985లో దాన్ని సవరించారు. అందులో ఏడు మెట్లు: అడుగున డీ, ఆపైన సీ1, సీ2, బీ1, బీ2, బీ3, అన్నిటికన్నా పైన ఏ1. ఏ1 రావాలంటే డిజైన్ సరైనదని గణితంతో నిరూపించాలి. హనీవెల్ వాళ్ల స్కాంప్‌కి అది దక్కింది. మల్టిక్స్‌కి 1985లో బీ2 వచ్చింది. ఈ పేర్లు మీరు విని ఉండరు, అదే ఇందులో తమాషా! పై మెట్లు ఎక్కినవి జనం ఇళ్లలోకి రాలేదు.

జనం వాడేవాటికి గురి సీ2. అంటే ఏంటి? ఒక్కొక్కరికీ వేరే లాగిన్ ఉండాలి. ఎవరు ఏం చేశారో రికార్డు ఉండాలి. నా ఫైల్ ఎవరు చూడాలో నేనే చెప్పగలగాలి. ఇంకోటి, నేను వాడి వదిలేసిన మెమరీని మీకిస్తే అందులో నా పాత డేటా కనపడకూడదు. అద్దె ఇల్లు ఖాళీ చేశాక కడిగి ఇచ్చినట్టు అన్నమాట.

1995 జూలైలో విండోస్ ఎన్‌టీ 3.5కి సీ2 వచ్చింది. అయితే నెట్‌వర్క్‌కి కలపకుండా, ఒంటరిగా ఉన్న కంప్యూటర్‌కే ఆ రేటింగ్. నవ్వొస్తుంది కదా? కానీ మోసం కాదు, పరీక్ష పెట్టిందే అంతవరకు. నెట్‌వర్క్‌తో కలిపి సీ2 రావడానికి ఎన్‌టీ 4.0 దాకా, అంటే 1999 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి విండోస్ 2000 గుమ్మంలో ఉంది! ఒక్క వెర్షన్‌ని పరీక్షించడానికే ఏళ్లు పట్టేది, ఈలోపు సరుకు పాతబడేది.

ఆ తర్వాత చాలా దేశాలు కలిసి కామన్ క్రైటీరియా అనే పద్ధతి తెచ్చాయి. అందులో ఈఏఎల్1 నుంచి 7 వరకు మెట్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ అంకె సిస్టమ్ ఎంత గట్టిదో చెప్పదు, దాన్ని ఎంత లోతుగా పరీక్షించారో చెబుతుంది. దేన్ని పరీక్షించాలో వేరే కాగితంలో ఉంటుంది.

2002 అక్టోబర్‌లో విండోస్ 2000కి ఈఏఎల్4 వచ్చింది. పది నెలలు తిరక్కుండానే, 2003 ఆగస్టులో బ్లాస్టర్ వర్మ్ వచ్చిపడింది. నెట్‌కి కలిపి ఉంటే చాలు, మీరు ఏదీ క్లిక్ చేయక్కర్లేదు, తనే దూరిపోయేది. ఆ లోపం విండోస్ 2000లోనూ ఉంది. ప్యాచ్ నెల ముందే వచ్చినా చాలామంది వేసుకోలేదు.

మరి సర్టిఫికెట్ అబద్ధమా? ఆ వేరే కాగితం తెరిచి చూడండి. వాడేవాళ్లు శత్రువులు కారు, సిస్టమ్‌ని చక్కగా చూసుకునే వాతావరణం ఉంటుంది, పొరపాటునో సరదాకో చేసే ప్రయత్నాలను ఆపితే చాలు అని అందులో ముందే రాసిపెట్టి ఉంది.