ఎలర్జీ ప్రోటీన్ల కంప్యూటర్ అంచనా: ఆముదం ఉదాహరణ

నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో తరతరాలుగా పండే వర్షాధార పంట ఆముదం. గింజ నుంచి నూనె తీశాక మిగిలే పిండిలో రిసిన్ అనే విషంతో పాటు రిక్ సి 1 వంటి 2ఎస్ ఆల్బుమిన్ ప్రోటీన్లు ఉంటాయి. ఆ పిండి దుమ్ము పీల్చినవారిలో తుమ్ములు, ఉబ్బసం రేపేవి ప్రధానంగా ఈ ఆల్బుమిన్లే. తగినంత వేడిచేస్తే రిసిన్ అణగుతుంది. సిస్టీన్ల మధ్య గట్టి బంధాలున్న ఈ ఆల్బుమిన్లు మాత్రం అంత తేలిగ్గా లొంగవు.

ఒక ప్రోటీన్ ఎలర్జీ రేపగలదో లేదో ముందే అంచనా వేయడానికి కంప్యూటర్ దాని అమైనో ఆమ్లాల వరుసను తెలిసిన ఎలర్జెన్లతో పోలుస్తుంది. 80 ఆమ్లాల నిడివిలో 35 శాతానికి మించిన పోలికను గానీ, ఆరు ఆమ్లాలు వరుసగా కలవడాన్ని గానీ హెచ్చరికగా తీసుకోవాలని ఎఫ్ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు 2001లో సూచించారు. వీటిలో రెండోది బలహీనమైన కొలత, ఎందుకంటే ఆరు ఆమ్లాల పోలిక హాని లేని ప్రోటీన్లలోనూ యాదృచ్ఛికంగా దొరుకుతుంది. మొదటిదీ సందేహమే తప్ప నిర్ధారణ కాదు. ఎందుకంటే రోగి శరీరంలోని ఐజీఈ ప్రతిరక్షకం చాలాసార్లు గుర్తించేది వరుసను కాదు, మడతపడిన ప్రోటీన్ ఉపరితలాన్ని. పల్లీలోని ఆరా హెచ్ 2 కూడా 2ఎస్ ఆల్బుమినే. అయినా పల్లీ పడనివారందరికీ ఆముదం పడదనలేం.

చండీగఢ్‌లో సాహా, రాఘవ రూపొందించగా 2006లో వెలువడిన ఆల్గ్‌ప్రెడ్ వంటి యంత్రాభ్యాస పద్ధతులు ఈ లోపాన్ని పూడ్చాయని వాదించవచ్చు. కొంతవరకు నిజమే. కానీ అవి నేర్చుకునేది ఇప్పటికే పరిశోధించిన ఎలర్జెన్ల నుంచే. ఎలర్జెన్లు కానివిగా ఇచ్చే వాటిలో ఎన్నో అసలు పరీక్షకే నోచుకోలేదు. శిక్షణ, పరీక్ష జాబితాల్లో దగ్గరి చుట్టాలైన ప్రోటీన్లుంటే ఖచ్చితత్వం లేనిపోని ఎత్తుకు చేరుతుంది. ఏ ప్రోటీన్‌ను ముందు పరీక్షించాలో చెప్పడమే కంప్యూటర్ పని. మిల్లు కార్మికుడి ఉబ్బసానికి కారణం తేల్చాల్సింది చర్మ పరీక్ష, రక్తంలోని ఐజీఈ పరీక్షలే.