సర్కారు ఆస్పత్రిలో పంటికి చోటు

మన పెన్షనర్ మిత్రులు నలుగురు ఒకచోట చేరితే మాటలు బి.పి.తో మొదలై, షుగరు మీదుగా కంటి ఆపరేషను దాకా వెళతాయి. పళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. ఎవరైనా ఎత్తినా "వయసయింది, ఊడాయి" అని అక్కడితో వదిలేస్తారు. పళ్ళను జబ్బుల లెక్కలో చేర్చకపోవడం మనకు అలవాటైంది. ఈ అలవాటు మనది మాత్రమే కాదు, ప్రభుత్వానిది కూడా. మన పల్లెలకు సర్కారు వైద్యం ఎలా నడిచివచ్చింది, అందులో పంటి వైద్యం ఎక్కడ వెనుకబడిపోయింది అనే విషయం నాకు తెలిసినంతలో ఈ ప్రత్యేక సంచికలో వ్రాస్తున్నాను. నేను డాక్టరును కాను. సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఆస్పత్రుల ఇండెంట్లు, బిల్లులు చూస్తూ పెద్దవాణ్ణయిన వాణ్ణి.

మద్రాసు రాష్ట్రం కింద ఉన్న మన జిల్లాల్లో పల్లెటూరి వైద్యం లోకల్ బోర్డుల చేతిలో ఉండేది. 1884 చట్టం తర్వాత తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు రోడ్లతో, బళ్ళతో పాటు డిస్పెన్సరీలను కూడా నడిపాయి. 1934లో తాలూకా బోర్డులను ఎత్తివేశాక ఆ భారం జిల్లా బోర్డుల మీద పడింది. అందుకే మా చిన్నతనంలో కూడా పెద్దవాళ్ళు "లోకల్ ఫండ్ ఆస్పత్రి" అనే అనేవారు. ఒక ఎల్.ఎం.పి. డాక్టరుగారు, ఒక కాంపౌండరు, ఒక తోటీ, ఇదే సిబ్బంది. మందుకు సీసా మనమే తీసుకుపోవాలి. కాంపౌండరు అందులో మిక్స్చరు పోసి, కాగితాన్ని మెట్లుమెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. ఒక మెట్టు ఒక మోతాదు. చదువురాని వాళ్ళకు కూడా అర్థమయ్యే ఏర్పాటు అది. ఈనాటి మందుల చీటీ చదవలేక అవస్థ పడుతున్నప్పుడు నాకు ఆ కాగితమే గుర్తుకొస్తుంది.

పెద్ద ఆస్పత్రులు పట్టణాల్లోనే. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ గారి మిషన్ ఆస్పత్రి 1898లో తెరిచారు. విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆస్పత్రి, మెడికల్ కళాశాల 1923లో వచ్చాయి. గుంటూరు మెడికల్ కళాశాల 1946లో. అటు నిజాం రాజ్యంలో 1846లోనే వైద్య పాఠశాల పెట్టారు. అఫ్జల్‌గంజ్ దవాఖానా 1908 మూసీ వరదలో కూలిపోగా, ఆ తర్వాత కట్టినదే ఉస్మానియా ఆస్పత్రి. ఇవన్నీ గొప్పవే. కాని పల్లెలో జ్వరం వచ్చినవాడికి వీటి పేర్లు కూడా తెలియవు.

పల్లెకు ఒక ఆస్పత్రి లెక్కకట్టి ఉండాలని కాగితం మీద పెట్టినవారు భోర్ కమిటీ వారు. 1943లో నియమింపబడి 1946లో నివేదిక ఇచ్చారు. మొదటి దశలో ప్రతి 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలన్నారు. ఆ నివేదికలో ఒక లెక్క ఉంది, పాఠకులు గమనించాలి. అప్పుడు దేశంలో 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు ఉంటే, అర్హత గల దంత వైద్యుడు 3,00,000 మందికి ఒకడు. అంటే అవిభక్త భారతదేశం మొత్తానికి సుమారు వెయ్యి మంది. వారంతా కలకత్తా, బొంబాయి, మద్రాసు వంటి నగరాల్లో ఉన్నారనుకుంటే, మన తాలూకాలకు మిగిలింది సున్న.

మరి పన్ను నొప్పి వస్తే? పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు, పెట్టుకోవడానికి లవంగ నూనె. వేపపుల్ల, కచ్చిక, ఉప్పు, కాస్త డబ్బున్న ఇంట్లో కోతి మార్కు నల్ల పళ్ళపొడి. ఇవి పళ్ళు పాడుకాక ముందు మాట. పాడయ్యాక సంతలో గుడ్డ పరచి, పీకిన పళ్ళు కుప్పపోసి కూర్చున్న మనిషే దిక్కు. ఎన్ని పళ్ళు పోసి ఉంటే అంత ఘనుడని నమ్మకం. పట్టణాల్లో చైనా దంత వైద్యుల బోర్డులు కనబడేవి. తండ్రి నుండి కొడుకు నేర్చుకున్న విద్య అది, పని శుభ్రంగా చేసేవారని పేరు. 1948లో దంత వైద్యుల చట్టం వచ్చినప్పుడు డిగ్రీ ఉన్నవారిని రిజిస్టరులో 'ఎ' భాగంలోను, డిగ్రీ లేకపోయినా అప్పటికి కనీసం 5 ఏళ్ళుగా వృత్తి చేస్తున్నవారిని 'బి' భాగంలోను చేర్చుకున్నారు. ఆ 'బి' భాగం లేకపోతే దేశంలో సగం ఊళ్ళు పన్ను పీకేవాడు లేక అల్లాడేవి. చట్టం చేసినవారు నేల మీద నిలబడి చేశారని నా అభిప్రాయం.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకుకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నారు. భోర్ గారు 40,000 అంటే, బ్లాకు అంటే సుమారు 100 గ్రామాలు, 60,000కు పైగా జనం. ఆరు పడకలు, ఒక డాక్టరు, యునిసెఫ్ వారిచ్చిన జీపు, పాలపొడి డబ్బాలు. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాక గ్రామీణ డిస్పెన్సరీల నిర్వహణ సమితులకు వచ్చింది. నేను 1972లో చేరిన నాటికి మా ఆఫీసు బీరువాలో మశూచి టీకాల రిజిస్టరు, మలేరియా రిజిస్టరు, కుటుంబ నియంత్రణ టార్గెట్ల రిజిస్టరు వేరువేరుగా ఉండేవి. ప్రతి నెలా వాటి మీద రిపోర్టు పోవాలి, పోకపోతే మెమో వచ్చేది. పళ్ళకు రిజిస్టరు లేదు. రిజిస్టరు లేదు కనుక రిపోర్టు లేదు, రిపోర్టు లేదు కనుక అడిగేవాడు లేడు, పద్దు లేదు. ఆఫీసులో పనిచేసిన మనకు ఇది ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మశూచి 1975 తర్వాత దేశంలో కనబడకుండా పోయిందంటే ఆ రిజిస్టర్ల పట్టుదల కూడా ఒక కారణమే.

ఇంకో కారణం కూడా ఉంది. మాత్రలకైతే ఇండెంటు పెడితే చాలు. పంటి వైద్యానికి కుర్చీ కావాలి, దీపం కావాలి, కరెంటు, నీళ్ళు, సిమెంటు, అన్నీ ఒకచోట కావాలి. ఒక్కటి లేకపోయినా మిగిలినవన్నీ దండగ. కనుక పన్ను పీకడం దాటి ముందుకు పోలేదు. హైదరాబాదులో 1959లో మొదలైన ప్రభుత్వ దంత వైద్య విద్య చాలాకాలం రాష్ట్రానికి పెద్ద దిక్కుగా ఉండేది. అక్కడి నుండి వచ్చినవారికి జిల్లా కేంద్ర ఆస్పత్రిలో ఒక పోస్టు, ఇంకా కొద్దిచోట్ల మరొకటి. అంతే.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నోరు, పళ్ళు చూసి జబ్బును ప్రపంచానికి చెప్పిన ఊళ్ళు మనవే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో కొత్త జిల్లాలో చేరి తర్వాత ప్రకాశం అయింది. అక్కడి రైతులు నలభై ఏళ్ళకే నడుము వంగక, మెడ తిరగక కర్రల్లా బిగుసుకుపోవడం గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ షార్ట్ దొర, ఆయన సహచరులు పరిశీలించి, బావినీళ్ళలోని ఫ్లోరైడే కారణమని 1937లో ప్రచురించారు. మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ ఉన్నదని లోకానికి తెలిసింది ఆ వ్యాసంతోనే. దానికి మొదటి గుర్తు పన్ను. పిల్లవాడికి ఎనిమిదేళ్ళ లోపు, దవడలో పన్ను తయారవుతున్నప్పుడు ఆ నీరు తాగితే పింగాణీ పొర సున్నం కొట్టినట్లు తెల్లబడి, తర్వాత గోధుమరంగు చారలు దిగుతాయి. ఎంత తోమినా పోవు. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవాడికి పళ్ళు రంగు మారవు. కనుక మా ఆఫీసులో కొత్తగా చేరినవాడు ఏ ఊళ్ళో పుట్టి పెరిగాడో సర్వీసు రిజిస్టరు తెరవకుండానే చెప్పేవాళ్ళం. 1978లో తీసిన మా ఆఫీసు గ్రూపు ఫోటో నా దగ్గర ఉంది. ఫోటోగ్రాఫరు నవ్వండి నవ్వండి అని అరిచాడు. పదిహేడు మందిమి నోళ్ళు బిగించి నిలబడ్డాం. చూసిన మనవలు "ఆఫీసులో ఏదైనా గొడవ జరిగిందా తాతయ్యా?" అంటారు.

నల్గొండది ఇదే బాధ, ఇంకా తీవ్రంగా. నాగపూరులోని నీరి సంస్థ వారు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళు తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఈ పేరుతో మన జిల్లా ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడును ఆ విధంగా తగ్గించవచ్చు. కాని రోజూ కొలిచి వేయాలి, కలపాలి, అడుగున చేరిన మడ్డి పారబోయాలి. కూలికి పోయే ఇల్లాలు ఎన్నాళ్ళు చేస్తుంది? చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. నీళ్ళ కోసం చేసిన నిరసన అది. బ్యాలెట్ కాగితం పోయి బ్యాలెట్ పుస్తకమే అచ్చువేయవలసి వచ్చింది, పోలింగు కూడా వాయిదా పడింది. ఎలక్షన్ డ్యూటీలు చేసిన మనవాళ్ళకు దాని బరువు అర్థమవుతుంది. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టు 500 రూపాయల నుండి 10,000కు పెంచారు. ఆ పని త్వరగా అయింది. ఇంటింటికీ నదీజలాలంటూ మిషన్ భగీరథ మొదలైంది 2016లో.

ఉత్తరాన శ్రీకాకుళం, విశాఖ తీరాన మరొకటి. అక్కడి ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు ఉండేది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరిపోకుండా ఉంటుందని కొందరు, పంటి నొప్పికి హాయి అని కొందరు చెప్పేవారు. ఆ వేడికి అంగిలి మాడి, పుండుపడి, క్యాన్సరు అవుతుంది. బొంబాయి టాటా సంస్థకు చెందిన దంత పరిశోధకులు 1960లలో శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి నోళ్ళు పరీక్షించారు. 1977 తర్వాత మళ్ళీ వచ్చి, ఏళ్ళ తరబడి ఇళ్ళకు వెళ్ళి మాన్పించే ప్రయత్నం చేశారు. కొందరు మానారు, కొందరు తగ్గించారు, నోటిలో తెల్లమచ్చలు తగ్గినట్లు లెక్క తేలింది. వారి దగ్గర కుర్చీ లేదు, కరెంటు లేదు. చేతి అద్దం, వెలుతురు, ఓపిక. ఇందాక నేను చెప్పిన కుర్చీ కారణం సగమే నిజమని దీనివల్ల తెలుస్తుంది. చూడవలసిన పని ఆరోగ్య కార్యకర్త కూడా చేయగలదు. చేయమని అడిగినవారు లేరు.

నా సొంత విషయం ఒకటి క్లుప్తంగా. 1983లో నాకు కింది దవడ పన్ను చీముపట్టి ముఖం వాచింది. దగ్గరి ఆస్పత్రిలో మాత్రలిచ్చి పెద్ద ఆస్పత్రికి పొమ్మన్నారు. రెండు బస్సులు మారి వెళితే పళ్ళ డాక్టరుగారు సెలవు, కుర్చీ రిపేరు. మూడోసారి కూడా అదే మాట విని, ప్రైవేటులో నెల జీతంలో మూడోవంతు పెట్టి పీకించుకున్నాను. 1972 నాటి మెడికల్ అటెండెన్స్ రూల్సు ప్రకారం బిల్లు పెడితే, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద సంతకం సరిలేదని ఒకసారి, సీలు లేదని ఒకసారి ఆబ్జెక్షనుతో తిరిగి వచ్చింది. ఆబ్జెక్షన్లు వ్రాయడంలో నాకున్న అనుభవం ఏమీ తక్కువది కాదు. అయినా ఆ రెండో ఆబ్జెక్షను వ్రాసిన చేతికి నమస్కరించి బిల్లు చించివేశాను.

తర్వాత చాలా వచ్చాయి. 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తు, 2005లో 108 వాహనాలు, 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ. 108 బండి వచ్చి మా బజారులోనే ఇద్దరి ప్రాణం నిలబెట్టింది, కాదనను. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే పెద్ద చికిత్సలకు. పుచ్చిన పన్ను, కదిలే పన్ను, కట్టుడు పళ్ళు ఆ కోవలోకి రావు. హైదరాబాదులో 2018 నుండి బస్తీ దవాఖానాలు, ఆంధ్రలో విలేజ్ క్లినిక్కులు తెరిచారు. కళ్ళ కోసం కంటి వెలుగు అని తెలంగాణలో 2018లోను, ఆంధ్రలో 2019లోను పల్లెపల్లెకు వచ్చి అద్దాలు ఇచ్చారు. కంటికి చేయగలిగినది పంటికి చేయలేరా అని నాకు అప్పుడే తోచింది. కేంద్రంలో 2014-15 నుండి జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఉన్నది. 2012 ప్రమాణాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలి. కిందనున్న ప్రాథమిక కేంద్రానికి మాత్రం ఆ నియమం లేదు.

భోర్ గారి కాలంలో దంత వైద్యులే లేరు. ఇప్పుడు దేశంలో 300కు పైగా దంత వైద్య కళాశాలలు ఉన్నాయి, ఎక్కువ భాగం ప్రైవేటువి. బి.డి.ఎస్. చదివిన పిల్లలు సర్కారు పోస్టు దొరక్క, సొంత క్లినిక్కు పెట్టే డబ్బు లేక, ప్రైవేటులో తక్కువ జీతానికి పనిచేయడం మన మిత్రుల ఇళ్ళలోనే చూస్తున్నాం. డాక్టర్లున్నారు, రోగులున్నారు, మధ్యలో పోస్టు లేదు.

పళ్ళు లేని ముసలితనం అంటే ఏమిటో మనలో చాలామందికి తెలుసు. వేరుశనగపప్పు వద్దు, జామకాయ వద్దు, గట్టి రొట్టె వద్దు. మెత్తటి అన్నం, మజ్జిగ, టీలో ముంచిన బిస్కెట్టు. షుగరు ఉన్నవాడికి డాక్టరు ఏది తగ్గించమంటాడో సరిగ్గా అదే మిగులుతుంది. పైగా షుగరు చిగుళ్ళను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగరును అదుపులో ఉండనివ్వవు.

మన సంఘం ఏటా పెట్టే ఉచిత వైద్య శిబిరంలో బి.పి., షుగరు, కళ్ళు చూస్తున్నారు. ఈసారి పంటి డాక్టరును కూడా పిలవాలని, వచ్చిన ప్రతి సభ్యుని నోరు, చిగుళ్ళు, నాలుక, అంగిలి చూసి వివరం ఒక రిజిస్టరులో వ్రాయాలని కార్యవర్గానికి మనవి చేశాను. చుట్ట, జర్దా అలవాటున్న సభ్యులు మొహమాటపడకుండా ముందు వరసలో కూర్చోవలెను. రిజిస్టరుకు గీతలు నేనే గీసి, కాలములు వ్రాసి కార్యదర్శి గారికి అందజేశాను. అందులో మొదటి పేరు నాదే.