ఫిజీ కొండలకు తట్టు ఎక్కిన వైనం

పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున, ఫిజీ దీవులున్నవి. వాటిలో పెద్దది వితి లేవు. దాని వైశాల్యం సుమారు 4,000 చదరపు మైళ్ళు. అంటే మన పాత గుంటూరు జిల్లా కంటె కొంచెం చిన్నది. ఇది అగ్నిపర్వతాల నుండి పుట్టిన దీవి. దీనిలో అన్నిటికంటె ఎత్తయిన తోమనివి శిఖరం, 4,300 అడుగుల పైచిలుకు, చల్లారిన అగ్నిపర్వతమే. దీవి నడుమనున్న కొండలలో పుట్టి దక్షిణంగా పారి సముద్రంలో కలిసే సింగతోకా నది ఎగువ భాగాన నంబుతౌతౌ అనే పల్లె ఒకటి ఉన్నది. పటాలలో ఈ పేరు 'నబుతౌతౌ' అని కనబడుతుంది. ఫిజీ వ్రాతలో 'బ' అని ఉన్నచోట 'ంబ' అని, 'ద' అని ఉన్నచోట 'ంద' అని పలకాలి. అక్కడి విమానాశ్రయమున్న 'నదీ' పట్టణాన్ని ఆ దేశస్థులు 'నంది' అనే అంటారు. మన చెవికి అది పరాయి పేరుగా తోచదు.

ఈ పల్లె పేరు చరిత్ర గ్రంథాలకెక్కినది ఒక హత్య వలన. 1867 జులై 21న థామస్ బేకర్ అనే క్రైస్తవ మిషనరీని, ఆయన వెంట వచ్చిన ఏడుగురు ఫిజీ అనుచరులను ఇక్కడ చంపి, నాటి యుద్ధాచారం ప్రకారం తిన్నారు. పల్లె పెద్ద తలలో పెట్టుకొన్న దువ్వెనను బేకరు లాగడం వలన ఇది జరిగిందని ఒక కథ కలదు. పెద్దల తలను తాకడం అక్కడ మహాపరాధం. దువ్వెన కథ వినడానికి బాగుంటుంది గాని, అసలు కారణం రాజకీయమని తోస్తుంది. తీరంలోని బావు రాజ్యానికి దాకొంబౌ ప్రభువు. ఆయన క్రైస్తవం పుచ్చుకొన్నాడు. కొండవారి దృష్టిలో కొత్త మతం వచ్చిందంటే దాకొంబౌ పెత్తనం వచ్చినట్లే. బేకరు చెప్పు అడుగుభాగం నేటికీ సువా నగరపు మ్యూజియంలో ఉన్నది.

కత్తికి లొంగని ఆ కొండలను ఎనిమిదేళ్ళ తరువాత కంటికి కనపడని ఒక క్రిమి లొంగదీసినది.

1874 అక్టోబరు 10న దాకొంబౌ, తక్కిన పెద్దలు కలిసి ఫిజీని బ్రిటిషువారికి అప్పగించారు. తరువాత దాకొంబౌ తన కుమారులతో సిడ్నీ నగరం చూడబోయాడు. అక్కడ అప్పుడు తట్టు వ్యాపించి ఉన్నది. మన పల్లెలలో పొంగు అని కూడా పిలిచే మీజిల్స్ వ్యాధి ఇదే. దాకొంబౌకు సిడ్నీలోనే సోకి నయమైనది. 'డైడో' అనే యుద్ధనౌకలో తిరిగి వస్తుండగా ఆయన కుమారునికి సోకినది. 1875 జనవరి 12న ఓడ లెవుకా రేవు చేరినది. ఓడలో వ్యాధి ఉన్నదని తెలిసియు ఎవరినీ నిర్బంధవాసంలో ఉంచలేదు. ప్రభువును చూడడానికి నలుదిక్కుల నుండి వచ్చినవారు ఆయనతో, ఆయన కుమారులతో కలిసి మెలిసి తిరిగి తమ తమ దీవులకు పోయారు. అదే నెలలో కొండ నాయకులను బ్రిటిషు పాలనకు ఒప్పించడానికి రేవా నది ఒడ్డున నవుసోలో పెద్ద సభ జరిగినది. సభకు దిగివచ్చిన నాయకులు వ్యాధిని వెంటబెట్టుకొని కొండలెక్కారు.

కొద్ది నెలలలో సుమారు 40,000 మంది మరణించారు. అప్పటి జనాభా దాదాపు 1,50,000 అని అంచనా. అనగా నలుగురిలో ఒకరు!

తట్టు మన దేశంలో పిల్లల జబ్బు. మరి అక్కడ ఇంత ఘోరమేల? ఆ జాతివారి దేహాలే బలహీనమని ఆనాటి తెల్లవారు చాలమంది అనుకొన్నారు. ఇది సరియైన సమాధానం కాదు. సరియైన సమాధానంలో ఎక్కువ భాగం 29 ఏళ్ళకు ముందే దొరికి ఉన్నది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులు కూడ అగ్నిపర్వతాల సంతానమే. 1846లో అక్కడ తట్టు వ్యాపించగా పీటర్ పానం అనే యువ డేనిష్ వైద్యుడు ఊరూరు తిరిగి పరీక్షించాడు. 7,782 మంది జనంలో సుమారు 6,000 మంది జబ్బు పడ్డారు. కాని 1781లో ఒకసారి తట్టు వచ్చిపోయిన ముసలివారిలో ఒక్కరికీ మళ్ళీ సోకలేదు. ఒకసారి వస్తే రక్షణ జీవితాంతం ఉంటుందన్నమాట! ఒకరి నుండి మరొకరికి సోకి పొక్కులు కనబడడానికి సుమారు రెండు వారాలు పడుతుందని కూడ ఆయన తేల్చాడు. అక్కడ మరణాలు మాత్రం చాల తక్కువ.

ఫిజీలో ఎవరికీ ఆ పూర్వరక్షణ లేదు. కాబట్టి తాత, తండ్రి, బిడ్డ ఒకేసారి పడ్డారు. వండేవారు లేరు, నీళ్ళు తెచ్చేవారు లేరు, తోటలో దుంప తవ్వేవారు లేరు. జ్వరతాపానికి ఓర్వలేక ఏటి నీళ్ళలో పడుకొన్నవారిని ఊపిరితిత్తుల వాపు, విరేచనాలు పట్టుకొన్నవి. తట్టు చంపినవారెందరో, ఆకలి, నిరాదరణ చంపినవారెందరో విడదీసి చెప్పజాలము.

కొండవారు దీనిని వ్యాధిగా భావించలేదు. తమను సభకు పిలిచి చంపదలచిన కుట్ర అనుకొన్నారు. వారి తర్కాన్ని తప్పు పట్టడం కష్టం: సభకు పోయినవారే ముందుగా చచ్చారు కదా! కొత్త మతాన్ని విడిచారు. 1876లో ఎగువ సింగతోకా లోయలో యుద్ధం చెలరేగినది. గవర్నరు సర్ ఆర్థర్ గార్డన్ దానిని అదే ఏట అణచివేశాడు.

ఈ గార్డన్ వద్దనే మన కథ మన దేశం వైపు మళ్ళుతుంది. ఆయన అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ దీవులలో గవర్నరుగా ఉండి, చెరకు తోటలలో భారతీయ కూలీల పనిని చూచినవాడు. చావగా మిగిలిన ఫిజీవారిని తోటలకు తోలితే ఆ జాతి నశిస్తుందని ఆయన భయం. వారి భూముల విక్రయాన్ని ఆపి, వారిని పల్లెలలోనే ఉండనిచ్చి, కూలీలను భారతదేశం నుండి రప్పించాడు. 1879 మే 14న 'లియోనిడాస్' ఓడ 463 మందితో కలకత్తా నుండి వచ్చినది. ఓడలో కలరా, మశూచి ఉన్నవి. ఈసారి అధికారులు 'డైడో' నాటి పొరపాటు చేయలేదు. యాత్రికులను లెవుకా సమీపాన ఒక చిన్న దీవిలో నిర్బంధవాసంలో ఉంచారు. మశూచి ఫిజీవారికి పాకలేదు.

1903 నుండి మద్రాసు రేవు ఓడలు కూడ రాసాగినవి. గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఫిజీ చేరినది వీటిలోనే. 1916లో ఈ రవాణా నిలిచేనాటికి మొత్తం 60,000 మందికి పైగా వెళ్ళారు. వారిలో సుమారు 15,000 మంది మద్రాసు నుండి ఎక్కినవారు. ఇక్కడ పానం లెక్క మళ్ళీ పనికివస్తుంది. తెరచాప ఓడ ప్రయాణం రెండు నెలల పైమాట. ఒక్కొక్క తరానికి రెండు వారాల చొప్పున తట్టు నాలుగైదు తరాలు గడిచి, సోకదగిన పిల్లలు మిగలక, తరచుగా దారిలోనే ఆరిపోయేది. ఆవిరి ఓడలు ప్రయాణాన్ని బాగా తగ్గించినవి. వ్యాధి ఆరకముందే రేవు వచ్చేది. అందుచేత సువా ఎదుటనున్న నుకులౌ దీవిలో కూలీలను ఆపి పరీక్షించేవారు. మనవారు మొదట అడుగుపెట్టిన ఫిజీ నేల ఆ దీవిదే. తోటలలో పని గడువు తీరిన తరువాత అక్కడే నిలిచినవారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం స్థాపించుకొన్నారు.

చిన్న దీవులలో తట్టు తనంతట తాను నిలువజాలదని 1966లో ఫ్రాన్సిస్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు దీవుల జనాభాలను పోల్చి చూపాడు. అది నిరంతరం ఉండాలంటే కొన్ని లక్షల జనం కావాలి. అంతకు తక్కువైనచోట ఆరిపోతుంది. మళ్ళీ బయటనుండి వచ్చేవరకు పుట్టే పిల్లలందరు రక్షణ లేకుండ పెరుగుతారు. నాడు వ్యాధి ఒక్కటే ఇవ్వగలిగిన రక్షణను 1963లో వచ్చిన టీకా వ్యాధి లేకుండ ఇస్తున్నది. 2019లో పొరుగున సమోవాలో టీకాలు పడిపోయినప్పుడు తట్టు 83 మందిని బలిగొన్నది; అత్యధికులు చిన్నపిల్లలే. అదే సమయంలో ఫిజీలోను కొందరికి సోకినది గాని, టీకాలు పొందినవారు ఎక్కువగా ఉన్నందున ఒక్కరూ మరణించలేదు.

నంబుతౌతౌ వారు మాత్రం తమ పల్లెకు రోడ్డు, బడి, వైద్యం రాకపోవడానికి బేకరు హత్య వలన తగిలిన శాపమే కారణమని చిరకాలం నమ్మారు. 2003 నవంబరులో బేకరు వంశస్థులను ఆస్ట్రేలియా నుండి పిలిపించి, ప్రధానమంత్రి సమక్షాన క్షమాపణ కోరి, ఆవులను, చాపలను, తిమింగలపు దంతాలను కానుకగా ఇచ్చారు.