రంగస్థలమే పుట్టినిల్లు: సురభి కమలాబాయి

తెలుగున వెలువడిన తొలి టాకీ చిత్రమున నాయిక యెవరని యడిగినచో, సురభి కమలాబాయి యని పలువురు చెప్పగలరు. ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి వేషము ధరించినది. అది 1932వ సంవత్సరపు మాట. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరములు. ఆ వయస్సులో బాల్యము మొదలుకొని నాటకరంగముమీద గడచినదే యెక్కువ. చలనచిత్రము ఆమెకు కీర్తినిచ్చినది. ఆ చిత్రమునకు కావలసిన కంఠమును, అభినయమును మాత్రము నాటకమే యిచ్చినది. జనులు మొదటి విషయమును జ్ఞాపకముంచుకొని రెండవదానిని మరచిరి. కావున ఆమె చరిత్రమును సురభి నాటకసమాజపు పుట్టుకతోనే ఆరంభింపవలసియున్నది.

మహారాష్ట్ర ప్రాంతమునుండి తరలివచ్చి రాయలసీమలో స్థిరపడిన కొన్ని కుటుంబములు తోలుబొమ్మలాటతో జీవించుచుండెడివి. కడప జిల్లాలో చక్రాయపేట దాపున సురభి యను చిన్న గ్రామము కలదు. 1885లో ఆ గ్రామమున ఒక వివాహ సందర్భమున ఆ కుటుంబములవారు బొమ్మలను ప్రక్కనుంచి, తామే వేషములు ధరించి ‘కీచకవధ’ నాటకము నాడిరి. ప్రజలు మెచ్చిరి. వనారస గోవిందరావుగారు దానినే వృత్తిగా గైకొని నాటకసమాజమును నెలకొల్పిరి. నాటకము పుట్టిన యూరి పేరే సమాజమునకు పేరై, పిమ్మట ఆ కుటుంబములవారి కందరకును ఇంటిపేరువలె నిలిచినది.

ఆ దినములలో తెలుగు నాటకరంగమున స్త్రీ వేషములను పురుషులే ధరించెడివారు. గృహిణి రంగమెక్కుటను సంఘము సహించెడిది కాదు. ఎక్కినవారిని చులకనగా చూచెడిది. పురుషులు ఆ వేషములను ఎంత రక్తి కట్టించిరనుటకు స్థానం నరసింహారావుగారే నిదర్శనము. సత్యభామగా, చిత్రాంగిగా ఆయన ఆంధ్రదేశమును మురిపించి, 1956లో పద్మశ్రీ బిరుదమునందిరి. ఆ ప్రతిభను తక్కువచేయ నవసరము లేదు. కాని ఎంతటి ప్రతిభావంతుడైనను పురుషుడు స్త్రీని అనుకరించుచున్నాడే గాని, స్త్రీ తన గొంతుతో తాను పలుకుట కాదు గదా!

సురభివారు మాత్రము తమ నాటకములలో స్త్రీ పాత్రలను స్త్రీలకే యిచ్చిరి. ఇది సంఘసంస్కరణము చేయవలెనని పూని చేసిన పని కాదు. దీనికి కారణము వారి వృత్తిలోనే యున్నది. తోలుబొమ్మలాటలో సీతకు, ద్రౌపదికి తెరవెనుక నుండి మాటయు పాటయు అందించినది ఆ యింటి ఆడవారే. బొమ్మ తెరమీద ఆడెడిది. ఇల్లాలు తెరవెనుక పాడెడిది. బొమ్మలకు బదులు మనుష్యులే వేషములు కట్టిన నాడు ఆ ఇల్లాలు తెరవెనుకనుండి తెరముందునకు వచ్చినది. అంతవరకు చాటుననున్న కంఠమునకు ముఖము లభించినది. ప్రక్కన నటించువాడు భర్తయో, అన్నయో, మేనమామయో. హార్మోనియము వాయించువాడు మరొక బంధువు. సమాజమంతయు ఒక్క కుటుంబమగుటచే, లోకము ఏమనుకొన్నను, రంగమున ఆమె మర్యాదకు కుటుంబమే కాపు.

అట్టి కుటుంబములో 1907లో కమలాబాయి జన్మించెను. ఆ పుట్టుకనుగూర్చి ఒక కథ వాడుకలో నున్నది. తల్లి నిండుచూలాలై యుండియు దమయంతి వేషము ధరించి నటించుచుండగా, నొప్పులు వచ్చి రంగముమీదనే ప్రసవించెనట. అదియు నాటకములోని భాగమే యని ప్రేక్షకులు తొలుత భ్రమించి, నిజమెరిగిన పిమ్మట ఆ శిశువునకు కానుకలుగా డబ్బులు కురిపించిరట. ఈ కథలో ఎంత నిజమో, ఎంత ముచ్చటో నిర్ణయింప బనిలేదు. సురభి స్త్రీలకు ఇల్లును రంగమును వేరు వేరు కావను సత్యము మాత్రము ఇందు స్పష్టముగా గోచరించుచున్నది.

కమలాబాయికి పాఠశాలయు రంగస్థలమే. బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు మున్నగు బాలవేషములతో ఆమె నటన ఆరంభమైనది. యౌవనము వచ్చిన పిమ్మట నాయిక వేషములే గాక, పురుష వేషములు సైతము ధరించినది. అన్యసమాజములలో పురుషుడు స్త్రీయగుచుండగా, ఇచ్చట స్త్రీ పురుషుడై మెప్పించుట గమనింపదగినది.

ఆనాటి నాటకశిక్ష ఎట్టిదో నేటివారికి కొంత వివరింపవలెను. మైకులు లేవు. తాటాకు పందిరిలో గాని, డేరాలో గాని నాటకము. పెట్రోమాక్సు వెలుగులో రాత్రి మొదలైన ఆట ప్రొద్దుపోవువరకు సాగెడిది. చిట్టచివర నేలపై కూర్చున్నవానికి సైతము పద్యములోని ప్రతి యక్షరము వినబడవలెను. రాగము తీయునపుడు ముఖమున దుఃఖము చెదరరాదు. దుఃఖము చూపునపుడు శ్రుతి తప్పరాదు. పద్యము నచ్చినచో సభ ‘వన్స్‌మోర్’ అని కేకవేయును. చనిపోయిన పాత్ర సైతము లేచి పాడి మరల పడిపోవలసినదే! ఒక ఊరిలో ఆటలు ముగిసినంతనే తెరలు, పెట్టెలు, పసిబిడ్డలు అందరును బండ్లెక్కి మరియొక ఊరు చేరవలెను. పాటను, నటనను విడదీయుట ఎరుగని ఈ కఠిన శిక్షలో కమలాబాయి కంఠము పదునెక్కినది.

1931లో ‘ఆలం ఆరా’తో భారతదేశమున చిత్రములకు మాట వచ్చినది. పిమ్మట హెచ్‌.ఎం.రెడ్డిగారు పూర్తిగా తెలుగులో ఒక చిత్రము తీయ సంకల్పించి, ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకము ఆధారముగా ‘భక్త ప్రహ్లాద’ను బొంబాయిలో నిర్మించిరి. చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు, లీలావతిగా కమలాబాయి నటించిరి. ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. పరిశోధన జరిగిన పిమ్మట 1932 ఫిబ్రవరి 6 తేదీయే సరియని తేలినది.

అప్పటికి నేపథ్యగానము లేదు. నటించువారే కెమెరాముందు నిలిచి పాడవలెను. మాటయు, పాటయు ఒక్కమారే యంత్రములో పడును. ఆ పనికి రంగస్థలమున ఆరితేరినవారు తప్ప మరియొకరు పనికిరారు. భర్త క్రౌర్యమునకును బిడ్డ భక్తికిని నడుమ నలిగిపోవు లీలావతి వేషమునకు, బాల్యమున తానే ప్రహ్లాదుడై ఆడిన కమలాబాయి లభించుట ఆ చిత్రమునకు భాగ్యమనవలెను. అదే 1932లో వెలువడిన ‘పాదుకా పట్టాభిషేకము’లో సీతగను, ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణగారి దుష్యంతునకు సరసన శకుంతలగను ఆమెయే నటించినది. తెలుగు టాకీ తొలి అడుగులు సురభి రంగము మెట్లు దిగియే వేసినదనుట అతిశయోక్తి కాదు. ఆ పిమ్మట ఆమె బొంబాయిలో పెక్కు సంవత్సరములుండి హిందీ చిత్రములలోను నటించినది. పల్లెపల్లె తిరిగిన నాటకపు పిల్ల పరభాషను నేర్చి పరదేశమున నిలద్రొక్కుకొనుట సామాన్యము కాదు.

కాని కాలము మారినది. 1940 తరువాతి దశకములో నేపథ్యగానము క్రమముగా పాదుకొన్నది. పాడువారు వేరు, ఆడువారు వేరు. 1951లో విజయావారి ‘పాతాళభైరవి’ వెలువడిన నాటికి నాయకుని పాట ఘంటసాలది, నాయిక పాట పి.లీలది. తొలి నాయికయైన కమలాబాయి ఆ చిత్రమున తోటరాముని తల్లి కాంతమ్మ. ఆమె ఆ వేషమును సహజముగా పోషించినది. ఇరువదేండ్లలో నాయిక తల్లియగుట లోకసహజమే. ఇందులో గ్రహింపదగిన మార్పు వేరు. తోలుబొమ్మల నాడు తెరవెనుకనున్న కంఠమును సురభి స్త్రీలు తెరముందునకు తెచ్చిరి. చలనచిత్రము ఆ కంఠమును మరల తెరవెనుకకు పంపినది. గొప్ప గాయనులకు అందువలన మేలు కలిగిన మాట నిజమే. అయినను, తన పాటకు తానే ముఖమైన నటీమణి చిత్రసీమలో క్రమముగా కనుమరుగైనది.

కమలాబాయి 1977లో దివంగతురాలయ్యెను. ఆమె నాయికగా వెలిగిన ‘భక్త ప్రహ్లాద’ ప్రతి యేదియు నేడు లభ్యము కాదు. ఆమెకంటె ముందు వేషములు ధరించి, యంత్రములో పడని గొంతులతో పాడి గతించిన సురభి తల్లులకు ఈ పాటి గుర్తును లేదు. వారి పేర్లు సైతము చాలవరకు ఆ కుటుంబముల నోటనే మిగిలినవి. సమాజము మాత్రము నిలిచినది. ఒకప్పుడు ముప్పదికి పైబడిన శాఖలుగా విస్తరించి, తరువాత కొద్దింటికి తగ్గినను, తరము తరువాత తరము ఆడుచునే వచ్చినది. 2013లో సురభి బాబ్జీగారికి పద్మశ్రీ లభించుటతో ఆ కృషికి ప్రభుత్వ గుర్తింపు కలిగినది.

కమలాబాయిని తొలి చిత్రనాయికయని చెప్పుట సత్యమే, కాని అది సగము సత్యము. తెలుగు ఇల్లాలు రంగమెక్కి తన గొంతుతో తాను పాడుట తప్పు కాదని, ఉపన్యాసముతో గాక ప్రతి రాత్రి ఆటతో నిరూపించిన తల్లుల బిడ్డ ఆమె. ఆ తల్లుల విద్యయే ఆమె కంఠమున టాకీ కెక్కినది.